రేగోడు దారి, పాత జీపు, పొడి దస్తీ

మెదక్ నుంచి రేగోడు దాకా మోటారు మీద పోవచ్చా అని ఈమధ్య నన్ను అడగని వాళ్లు లేరు. దుకాణంలో చింతపండు తూకం వేయిస్తుంటే అడుగుతారు, బజారులో నిలబెట్టి అడుగుతారు. పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది, రజాకార్ల పీడ వదిలింది, ఇన్నాళ్లూ గడప దాటని వాళ్లకు కూడా ఇప్పుడు ఊళ్లు తిరగాలనిపిస్తున్నది. పోవచ్చు. నేను పోయి వచ్చాను. కానీ వచ్చిన నాటి నుంచి నా ఒళ్లు మండుతూనే ఉంది. జీపు అమ్మినవాడి మీద కోపం, దారి మీద కోపం, నా బామ్మర్ది మీద కోపం, ఆఖరికి బంతిపూల మీద కూడా కోపం. అందుకని ఇందులో తియ్యటి మాటల కోసం వెతకకండి. దారి చెప్తాను, ఎంతసేపు పడుతుందో చెప్తాను, ఏ సామాను ఎక్కడ మొండికేస్తుందో చెప్తాను. మధ్యమధ్యన నాలుగు తిట్లు పడితే సర్దుకోండి.

నాది చింతపండు వ్యాపారం. రేగోడు చుట్టుపక్కల పల్లెలు తిరిగి కొంటాను. ఆ దిక్కు పోయినప్పుడల్లా నేను అన్నం తినేది నర్సవ్వ అనే ముసలమ్మ ఇంట్లో. ఆమెకు ఒక్కడే కొడుకు, సాయిలు. మీసాలు ఇంకా సరిగా రాలేదు. మొన్న ఎండాకాలంలో ఒక పొద్దు సంఘపోళ్లు, అంటే భూముల కోసం తుపాకి పట్టి అడవుల్లో తిరిగే దళాల వాళ్లు, ఆమె ఇంటికి వచ్చి ఆకలైతున్నదన్నారు. ఆమె జొన్నరొట్టెలు చేసి పెట్టింది. అంతకుముందు రజాకార్లు వచ్చి కోళ్లను అడిగితే కోళ్లను ఇచ్చింది. తుపాకి ఉన్నవాడు గుమ్మంలో నిలబడి అడిగితే ఏ ఇల్లాలైనా పొయ్యి రాజేస్తుంది. లేదు పొమ్మనగలిగిన మొనగాడు ఎవడో నాకు చూపించండి. తర్వాత పోలీసులు వచ్చారు. రొట్టెలు ఎవరు పెట్టారంటే ఊరి పటేలు ఆమె ఇంటి దిక్కు చెయ్యి చూపించాడు. ముసలిదాన్ని కట్టుకుపోతే బాగుండదనుకున్నారేమో, కొడుకును తీసుకుపోయారు. అప్పటి నుంచి ఆ పిల్లవాడు మెదక్ ఠాణాలోనే ఉన్నాడు.

బతుకమ్మ పండుగ చివరి రోజుల్లో, ఒక సాయంత్రం ఠాణా జమాదారు మా దుకాణం పక్కన చాయ తాగుతూ నన్ను దగ్గరికి పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు. "సేటూ, మీ రేగోడు దిక్కు పోరడున్నడు గద, సాయిలు, రేపు పగటి బువ్వలైనంక లారీ ఎక్కిస్తున్నరు. ఎక్కడో మరాఠీ దిక్కు జైలుకంట. తల్లి ఉంటె జల్ది పిలిపియ్యుండ్రి. లారీ ఎల్లినంక నా చేతిల ఏం ఉండది" అన్నాడు. నర్సవ్వ జన్మలో శంకరంపేట దాటి ఎరగదు. మాట రాని దేశంలో, రైళ్లు మారి పోవలసిన చోట కొడుకును వేస్తే ఆమె ఇంక వాణ్ణి చూసేది ఎట్లా? రేపు మధ్యాహ్నం లోపల చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు. బండి కట్టుకుపోతే పోవడానికే రెండు పొద్దులు. అందుకే జీపు తీశాం.

జీపు సంగతి ఇక్కడే చెప్పాలి, మీరు నాలాగా మోసపోకుండా. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన జీపులను కొని, రంగులు పూసి అమ్మే వ్యాపారులు సికింద్రాబాదులో ఉన్నారు. అలాంటి ఒకాయన దగ్గర నేను, నా బామ్మర్ది కిష్టయ్య కలిసి కొన్నాం. కిష్టయ్య యుద్ధంలో బర్మా దిక్కు మిలిటరీ లారీ తోలి వచ్చాడు. మోటారు గురించి అన్నీ తెలుసు. తెలిసిన ఫలం ఒక్కటే, దేన్ని చూపించినా "ఏం గాదు బావా" అంటాడు. కింద నూనె కారుతున్నదిరా అంటే ఏం గాదు బావా. బ్రేకు రెండు మార్లు తొక్కితే గానీ పట్టడం లేదురా అంటే ఏం గాదు బావా. మెదక్ జిల్లాలో చెడిపోయిన మోటార్లన్నీ ఈ ఒక్క మాట వల్లే చెడిపోయాయని నేను ఒట్టేసి చెప్పగలను.

మీరు కొనేటప్పుడు రంగు వాసన ఇంకా వస్తున్నదంటే అనుమానపడండి. చక్రాల మీది రేకు కిందికి చెయ్యి పోనిచ్చి గీకి చూడండి, తుప్పు పొరలుపొరలుగా రాలితే లేచి వచ్చేయండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి చూడాలి. లోపల నీళ్లు ఎర్రమట్టి కలిపినట్టు ఉంటే అది నిండా తుప్పే. నూనె మట్టం చూసే పుల్ల పైకి లాగితే నూనె నల్లగా ఉన్నా పరవాలేదు గానీ, మజ్జిగ కలిపినట్టు తెల్లగా కనిపిస్తే నీళ్లు లోపలికి దిగుతున్నాయన్నమాట. ఆ బండి ఉచితంగా ఇచ్చినా వద్దు. పెట్రోలు దొరకని రోజుల్లో బొగ్గు గ్యాసు మీద నడిపిన పాత కార్లున్నాయి, చూడటానికి దొరసానుల్లా ఉంటాయి, వాటి జోలికి అసలు పోవద్దు. ఇంజను లోపలంతా మసి, పైగా నేలకు ఆనుకుని నడుస్తాయి, మన దారుల్లో రాళ్లకు కడుపు కొట్టుకుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం, నాలుగు చక్రాలకూ బలం అందించే చిన్న గేరు కొయ్య. దానికోసమే కదా జీపు కొనేది. దాన్ని బురదలో వేసి చూడాలి. మాకు అమ్మినాయన తారు రోడ్డు మీద గిర్రున తిప్పి చూపించాడు, మేం ఇద్దరం నోరు తెరుచుకుని చూశాం. ఇంటికొచ్చి పొలంలో దింపితే ఆ కొయ్య వేసిన చోట నిలవదు, గుంత వచ్చిందంటే చాలు టక్కున బయటికి దూకుతుంది. కిష్టయ్య పాత ట్యూబు రబ్బరు పట్టీతో దాన్ని సీటు కాలికి కట్టేశాడు. "ఏం గాదు బావా, నువ్వు జర పట్టుకొని కూసో" అన్నాడు. అట్లా రేగోడు దాకా నేను ప్రయాణికుణ్ణి కాదు, జీపులో ఒక సామానును.

మేం కోడి కూయకముందే బయల్దేరాం. పెట్రోలు ముందు రాత్రే బట్టలో వడపోసి పోశాం. ఇప్పుడు పర్మిటు మీద దొరికే పెట్రోలులో కిరసనాయిలు ఎంతో, పెట్రోలు ఎంతో దేవుడికే తెలియాలి, వడపోస్తే కనీసం మట్టి అన్నా ఆగుతుంది. ఒక డబ్బా నీళ్లు, ఒక మోకు, పార, ట్యూబు అతుకులు పెట్టుకున్నాం. పాపన్నపేట దాకా దారి బాగుంది. తెల్లారుతుండగా మంజీర దగ్గరికి వచ్చాం. నీళ్లు మోకాలి కన్నా కొంచెం పైకి ఉన్నాయి, నేల గట్టిగానే ఉంది. ఇలాంటి చోట దిగే ముందు ఫ్యాను బెల్టు వదులు చెయ్యాలి, లేకపోతే ఫ్యాను తిరిగి నీళ్లను ఇంజను మీదికే కొడుతుంది. ఇది నాకు కిష్టయ్యే చెప్పాడు, ఎప్పుడో. ఆ పొద్దు మాత్రం "గింత నీళ్లకు బెల్టెందుకు ఇప్పుడు, ఏం గాదు" అని తోలాడు.

సరిగ్గా నది నడుమ ఇంజను ఆగిపోయింది. నేను ఏమేమి తిట్టానో ఇక్కడ రాయలేను. ఆడపిల్లలు కూడా చదువుతారు. కిష్టయ్య మాత్రం నీళ్లలో దిగి బానెట్ ఎత్తి, ప్లగ్గులకు కరెంటు పంచే గిన్నె లాంటి డిస్ట్రిబ్యూటర్ మూత ఊడదీశాడు. లోపల చెమట పట్టినట్టు నీటి చుక్కలు. జేబులోంచి దస్తీ తీశాడు. నీళ్లు ఎగజిమ్మి ఇద్దరం తడిసిపోయాం, పొడిగా మిగిలింది ఆ ఒక్క గుడ్డే. మూతను లోపలా బయటా తుడిచి, తీగెలు తుడిచి, మళ్లీ బిగించాడు. హ్యాండిలు ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. "గంతే బావా. దీనికి చెమ్మ పడది. మస్తు మంది ఇది తెల్వక కాయిల్ పోయింది, బ్యాటరీ పోయింది అని వందలకువందలు పెడ్తరు" అని పళ్లికిలించాడు. గుర్తుపెట్టుకోండి, ఈ మాట మళ్లీ వస్తుంది.

శంకరంపేటలో చాయ కోసం ఆగితే హోటలు తలుపు సగం మూసి ఉంది. సందులోంచి ఒక కన్ను మమ్మల్ని చూస్తున్నది. "అన్నా, చాయ దొరుకుతదా?" అని అరిచాను. "మీరు మిలిటరోళ్లా, పోలీసోళ్లా?" అని లోపలి నుంచి అడిగాడు. చింతపండోళ్లం అంటే అప్పుడు తలుపు తీశాడు. చాయ అర్ధణా, వేడి పూరీలు కూడా ఉన్నాయి, మీరు పోయేటట్టయితే ఇక్కడే తినండి, ముందుకు పోతే ఏమీ దొరకదు. పూరీలు పెడుతూ అతను జీపు దిక్కే చూస్తున్నాడు. "రంగు మార్పియ్యుండ్రి సేటూ. గీ పచ్చరంగు బండి సప్పుడైతె మా దిక్కు పసిపోరలు గూడ జొన్న చేన్లల్ల వడ్తరు. ఇంక ముందుకు పోతె దారికి అడ్డం కందకాలున్నయ్, పైలం" అన్నాడు.

ఆ కందకాలు రజాకార్ల లారీలు రాకుండా ఊళ్ల వాళ్లే తవ్వుకున్నవి. పాపం, తవ్వినప్పుడు వాళ్లకు వేరే దిక్కులేదు. కానీ ఏడాది దాటింది, కొత్త అధికార్లు వచ్చారు, జెండాలు మారాయి, ఆ గుంతలు మాత్రం అట్లాగే ఉన్నాయి. ఎడ్లబండ్లు దాటలేక, రైతులు బస్తాలు నెత్తిన మోసుకుని నడుస్తున్నారు. పూడ్చమంటే తహశీల్ కచేరీలో అర్జీ పెట్టమంటారు. తవ్వడానికి అర్జీ పెట్టారా? మీ జీపు కందకం దాటాలంటే ముందు దిగి కర్రతో లోతు చూడండి. ఏటవాలుగా దిగితే పక్కకు పడుతుంది, నేరుగా దించాలి. దిగకముందే నాలుగు చక్రాల కొయ్య వెయ్యాలి. ఇరుక్కున్నాక వేస్తే చక్రాలు అక్కడే తిరిగి ఇంకా లోతుకు పోతాయి. నల్లరేగడిలో అయితే బ్రేకు జోలికి పోవద్దు, చిన్న గేరులో మెల్లగా పోనివ్వండి. ఒక్కో గుంత దగ్గర కొయ్య దూకకుండా రెండు చేతులతో పట్టుకుని పట్టుకుని నా అరచేతులు బొబ్బలెక్కాయి.

హోటలతను చెప్పింది నిజమే. ఒక ఊరి బయట తంగేడు పూలు కోస్తున్న ఆడవాళ్లు మా జీపు చప్పుడు విని, గంపలు పారేసి చేలల్లో పడ్డారు. ఇంకో చోట కంచె వెనక నుంచి రాయి వచ్చి ముందు అద్దానికి తగిలింది. అద్దం పగిలింది గానీ రాలిపోలేదు. దిగి వాణ్ణి పట్టుకుని నాలుగు తందామని లేచాను. కిష్టయ్య నా భుజం పట్టి ఆపాడు. "మనల గొట్టలె బావా, జీపును గొట్టిండ్రు. గిసొంటి బండ్లల్ల వచ్చినోళ్లు ఏం జేసి పోయిండ్రో వాళ్లకు యాది ఉండదా?" అన్నాడు. నా కోపం వేరే దిక్కుకు మళ్లింది గానీ తగ్గలేదు. దారి అడుగుదామంటే మనిషి కనిపించడు. అందుకని ఈ దిక్కు పోయేవాళ్లు దారి ముందే శంకరంపేటలో అడిగి పెట్టుకోండి.

రేగోడు ఇంకా రెండు మైళ్లుందనగా ఎడమకు తిరిగితే నర్సవ్వ ఊరు. పొద్దు బారెడెక్కింది. వాకిలికి గడియ పెట్టి ఉంది. "అవ్వా, నేను! మెదక్ చింతపండాయనను!" అని గొంతు చించుకుంటే ఇంటి వెనక గడ్డివాము చాటు నుంచి వచ్చింది. విషయం చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, పోయి పొయ్యి ముట్టించింది. నాకు కాలు నిలవడం లేదు. "అవ్వా, టైం లేదు, ఎక్కు!" అన్నాను. "ఉత్త చేతులతోని పోతనా బిడ్డా? ఆడు రొట్టె దినక ఎన్నొద్దులాయె" అని పిండి పిసుకుతూనే ఉంది. ఏ రొట్టె కోసం కొడుకు లోపలికి పోయాడో మళ్లీ అదే రొట్టె. నేను బయటికి వచ్చి జీపు చక్రాన్ని ఒక తన్ను తన్నాను.

ఈలోపల వాడకట్టు ఆడవాళ్లంతా ఒక్కొక్కరే బయటికి వచ్చారు. నర్సవ్వ కొడుకు దగ్గరికి పోతున్నదని తెలిసింది. ఒకామె జీపును ఎదురుగా నిలబడి చూసి, "గీ మొఖం జూస్తె మాకే గుండె దడదడ అన్నది. వచ్చేటప్పుడు రాళ్లు వడ్డయంటిరి గద. మొఖానికి పూలు గడ్తె మనోళ్ల బండి అని ఎరుకైతది" అంది. అంతే. ఆ సాయంత్రం బతుకమ్మకని కోసి పెట్టుకున్న తంగేడు, గునుగు, బంతి గంపలకు గంపలు తెచ్చి, దారానికి గుచ్చి, జీపు ముందర జాలీకి ఇంత మందాన పరుపులా కట్టేశారు. లైట్లు కూడా సగం మునిగాయి. పండుగ పూలు ఇచ్చేస్తున్నారు, సాయంత్రం ఏం ఆడతారమ్మా అని అడిగితే, "రేపు కోసుకుంటం, సాయిలుకు రేపు లేదు గద" అన్నది వాళ్లలో చిన్నామె. కిష్టయ్య అయితే ముచ్చటపడి చూస్తున్నాడు. పూలవల్ల ఏమన్నా అవుతుందా అని మా ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

మెదక్‌కు తిరిగి వచ్చేటప్పుడు రాళ్లు పడలేదు, ఆ మాట నిజం. మొదటి ఊళ్లో జనం చేలల్లోంచి లేచి నిలబడి చూశారు, పిల్లలు వెంట ఉరికారు. నర్సవ్వ వెనక సీటులో రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. రెండు మైళ్లు పోయామో లేదో రేడియేటర్ బుసబుస పొంగింది. ఆపాం. బెల్టు చూశాడు కిష్టయ్య, బాగానే ఉంది. రబ్బరు గొట్టం చూశాడు, కారడం లేదు. డబ్బా నీళ్లు పోసి చల్లార్చుకుని బయల్దేరితే ఇంకో మైలుకు మళ్లీ పొంగింది. ఈసారి ఒక రైతు బావి దాకా నడిచి నీళ్లు తెచ్చాం. మూడోసారికి నాకు పిచ్చెక్కింది. సికింద్రాబాదు వ్యాపారిని వాడి ఏడు తరాలతో కలిపి తిట్టాను. ఇంజను పైభాగం పగిలి ఉంటుందన్నాడు కిష్టయ్య, ఎన్నడూ లేనిది అతని ముఖం కూడా వాడిపోయింది. పొద్దు చూస్తే నడినెత్తికి వస్తున్నది. "బిడ్డా, నడిచి పోతె అందుకుంటమా?" అని నర్సవ్వ మెల్లగా అడిగింది.

కోపం పట్టలేక జీపు ముఖం మీద పిడికిలితో ఒక గుద్దు గుద్దాను. పూలలో చెయ్యి మణికట్టు దాకా దిగింది, చుర్రుమని కాలింది. ఉడికిన బంతిపూల వాసన. అప్పుడు ఎక్కింది నా మట్టిబుర్రకు. రేడియేటర్ చల్లబడేది ముందు నుంచి వచ్చే గాలితో. ఆ గాలి దారికి మేం పూలతో గోడ కట్టాం! బర్మా దాకా లారీ తోలినవాడికి తెలియలేదు, పదూళ్లు తిరిగే నాకు తెలియలేదు. "తెంపు, మొత్తం తెంపు!" అని అరిచాను. కిష్టయ్య వెనకాడాడు. "బతుకమ్మ పూలు బావా, ఆడోళ్లు మొక్కి గట్టిండ్రు, ఎట్ల తెంపుదు?" అన్నాడు. నేను వాణ్ణి కొట్టేవాణ్ణే. నర్సవ్వ బండి దిగి వచ్చింది. "పూలను బాట మీద వడేస్తె తప్పు గని, నేను నా ఒళ్లె వెట్టుకుంట తియ్యుండ్రి" అని కొంగు పట్టింది. చేతులు కాలుతున్నా పువ్వు పువ్వూ తీసి కొంగులో పోసుకుంది. జాలీ సందుల్లో ఇరుక్కున్న రెక్కలను నేను పుల్లతో గీకాను. మళ్లీ నీళ్లు పోసి తోలితే మెదక్ దాకా ఒక్కసారి కూడా పొంగలేదు. తర్వాతి ఊళ్లలో పిల్లలు మమ్మల్ని చూసి పరుగెత్తబోతే నర్సవ్వ లేచి నిలబడి, పూలు పైకెత్తి చూపిస్తూ "మనోళ్లమే, భయం లేదు" అని కేక వేసింది. మంజీర దగ్గర ఈసారి కిష్టయ్య నోరు మెదపకుండా దిగి, బెల్టు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్‌కు దస్తీ చుట్టి దాటించాడు. అవతలి ఒడ్డున బెల్టు బిగించి, దస్తీని ఎండలో ఆరబెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఠాణాకు చేరేసరికి పగటి భోజనాలు అయిపోయాయి. వరండాలో ఖైదీలను వరసగా కూర్చోబెట్టారు. సాయిలు చివర ఉన్నాడు, చిక్కిపోయి, చేతులకు గొలుసు. లారీ వాకిట్లో మెరిసిపోతున్నది, ఆయుధపూజకని పొద్దున్నే బానెట్ ఎత్తి మరీ బిందెలకొద్దీ నీళ్లు పోసి కడిగారట. నర్సవ్వ ముందుకు పోతే జవాను కర్ర అడ్డం పెట్టాడు. "ఇప్పుడు ములాఖత్ లేదు. ఎక్కిస్తున్నం. హటో!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అంత దూరం నుంచి వచ్చిందండీ అని నేను గట్టిగా మొదలుపెడితే నన్ను కూడా లోపల వెయ్యమంటావా అన్నట్టు చూశాడు. అంతలో లారీ డ్రైవరు హ్యాండిలు తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు, చొక్కా తడిసిపోయింది. ఇంజను లేవలేదు.

జమాదారు కిష్టయ్యను చూసి, "నువ్వు మిలిటరీ డ్రైవర్వు గద, జర జూడు భాయ్" అన్నాడు. కిష్టయ్య బానెట్ ఎత్తాడు. నేను పక్కనే నిలబడ్డాను. అతను డిస్ట్రిబ్యూటర్ మూత ఊడదీశాడు. లోపల నీటి చుక్కలు, పొద్దున మంజీరలో చూసినవే, ఇంకాస్త ఎక్కువ. అతను చూశాడు, నేను చూశాను. చెయ్యి జేబులోకి పోయింది. ఒక్కసారి వరండా దిక్కు చూసి, ఆ చెయ్యిని ఉత్తగా బయటికి తీశాడు. మూత అట్లాగే బిగించి లేచి నిలబడ్డాడు.

"కాయిల్ కాలింది సాబ్. సికింద్రాబాద్ నుంచి కొత్తది రావాలె. గియ్యాల లెవ్వది" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ నా దిక్కు తిరిగాడు. "క్యా సేట్, నిజమేనా?" అన్నాడు. పొద్దుటి నుంచి నోరు మూయకుండా అరిచినవాణ్ణి నేను. "గట్లనే ఉన్నది సాబ్" అన్నాను, ఇంతకన్నా ఒక్క మాట ఎక్కువ రాలేదు.

ఇంకేం చేస్తారు, ఖైదీలను మళ్లీ లోపలికి పంపారు. ఇన్‌స్పెక్టర్ ఇంటికి పోయాక జమాదారు తాళంచెవులు చప్పుడు చేస్తూ వచ్చి, నర్సవ్వను కటకటాల దగ్గర కూర్చోబెట్టాడు. ఆమె రొట్టె తుంచి తుంచి ఊచల సందులోంచి వాడి నోట్లో పెట్టింది. గొలుసులున్న చేతులతో తినడం రాదు కదా. కొంగులో ఉన్న పూలు, ఆవిరికి వాడి నల్లబడ్డవి, ఊచల ముందు కుప్ప పోసింది. ఇవెక్కడివే అవ్వా అని వాడు అడిగితే జీపు సంగతంతా చెప్పింది. వాడు నవ్వాడు. పొద్దుగూకే దాకా ఆ ఇద్దరూ అక్కడే ఉన్నారు. చూస్తూ నిలబడలేక నేను బయటికి వచ్చి చాయ దుకాణంలో కూర్చున్నాను. కిష్టయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. "రేపు ఎండకు ఆరి దానంతట అదే లేస్తది. అబద్ధమని తెలిస్తె మన గతేందిరా?" అన్నాను. "ఏం గాదు బావా" అన్నాడు. ఆ మాటకు నాకు కోపం రాకపోవడం అదే మొదలు.

తెల్లారి లారీ మొదటి తిప్పుకే లేచింది, సాయిలును ఎక్కించుకుని పోయింది. నర్సవ్వ రోడ్డు మీద నిలబడి చూసింది. ఆ మధ్యాహ్నం జమాదారు చాయ తాగుతూ, "కాయిల్ మంచిగనే ఉన్నదంట సేటూ" అన్నాడు. అతను కప్పు కింద పెట్టి పోయాడు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ప్రయాణం బాగా జరిగిందా అని అడుగుతారు. ఏం బాగు? రొట్టె పెట్టినందుకు ఒక పిల్లవాణ్ణి మాట తెలియని దేశానికి పంపారు. చెయ్యి చూపిన పటేలు ఊళ్లోనే ఉన్నాడు, మొన్న నాకు చింతపండు కూడా అమ్మజూపాడు, పొమ్మన్నాను. కందకాలు అట్లాగే ఉన్నాయి, బండ్ల చప్పుడుకు పిల్లలు ఇంకా చేలల్లో పడుతున్నారు. ఇంత తిరిగి, ఇన్ని తిట్టి, మేం ఆ తల్లికి సంపాదించి పెట్టింది ఒక్క పూట. అదీ అబద్ధంతో. జీపుకు మాత్రం మొన్ననే పసుపు రంగు వేయించాను, చూసిన వాళ్లు నవ్వుతున్నారు, నవ్వనీయండి.

ఇంక ఈ దారిన పోయేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. పండుగైనా, పెళ్లయినా రేడియేటర్ ముందర పూలు కట్టనివ్వకండి, కట్టిన వాళ్లను మాత్రం తిట్టకండి. జేబులో ఎప్పుడూ ఒక పొడి దస్తీ పెట్టుకోండి. వాగు దాటాక, వాన తడిశాక ఇంజను లేవకపోతే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి దాంతో తుడవండి, పదింట తొమ్మిదిసార్లు లేస్తుంది. ఆ దస్తీ బయటికి తీసే ముందు మాత్రం, ఆ బండిలో ఎక్కబోయేది ఎవరో ఒకసారి చూసుకోండి.